కమ్మింగ్‌కి మారాలా? ముందు ఒక మంగళవారం వచ్చి చూడండి

ప్రశ్న: అక్కా, మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తొమ్మిదేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. మావారు హెచ్‌1బీ మీద ఉన్నారు, గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది. వారానికి మూడు రోజులు ట్రైన్‌లో ఆఫీసుకు వెళ్తారు. వాళ్ల కంపెనీకి అట్లాంటా దగ్గర ఆల్ఫరెటాలో కూడా ఆఫీసు ఉంది. అక్కడికి మారతానంటే మేనేజర్ సరే అన్నారు. మా స్నేహితుల్లో నాలుగు కుటుంబాలు ఇప్పటికే జార్జియాలోని ఫోర్‌సైత్ కౌంటీకి, కమ్మింగ్ వైపు వెళ్లిపోయాయి. "ఇక్కడ టౌన్‌హౌస్ వచ్చే డబ్బుకి అక్కడ పెద్ద ఇల్లు వస్తుంది, స్కూళ్లు మంచివి, హోప్ స్కాలర్‌షిప్‌తో కాలేజీ దాదాపు ఫ్రీ" అంటున్నారు. పోయిన నెల లాంగ్ వీకెండ్‌లో వెళ్లి చూసొచ్చాం. కొత్త కమ్యూనిటీలో ఒక ఇల్లు మావారికి బాగా నచ్చింది. వెనకంతా అడవి. అడ్వాన్స్ కట్టేద్దాం అంటున్నారు. పాప ఏడో తరగతి, ఇండియాలో పుట్టింది. బాబుకి నాలుగేళ్లు, ఇక్కడే పుట్టాడు. అత్తగారు ఏటా ఆరు నెలలు మా దగ్గరే ఉంటారు. ఇక్కడైతే ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకుంటారు. నాకు లైసెన్స్ ఉంది కానీ హైవే ఎక్కను. ఇంట్లో అందరికీ వెళ్లడానికి ఒక్కో కారణం ఉంది. నాకే ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు. అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

- ఎడిసన్ నుంచి ఒక సోదరి

జవాబు: అనవసరం కాదమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావాళ్లంతా ఇల్లు చూసి మాట్లాడుతున్నారు. ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో ఆలోచిస్తున్నది మీరొక్కరే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రండి. కానీ ఈ ఏడాది ఇల్లు కొనకండి, ఆ అడ్వాన్స్ కట్టకండి. మొదట అద్దెకు రండి. అది కూడా మీవారి ఇమ్మిగ్రేషన్ కాగితాల సంగతి తేలాకే.

నేను ఇదే కౌంటీలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మేం కొన్నప్పుడు మా ఇంటి వెనక కూడా అడవే. ఆ లాట్‌కి బిల్డర్ పదిహేను వేల డాలర్లు ఎక్కువ తీసుకున్నాడు, లాట్ ప్రీమియం అని. సంతోషంగానే కట్టాం. సాయంత్రమైతే జింకలు డెక్ దాకా వచ్చి నా గోంగూర మొక్కలు కొరికేసేవి. నాలుగో ఏడు ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే కాఫీ కలుపుతుంటే రంపం మోత వినిపించింది. డెక్ మీదికి వెళ్లి చూస్తే దూరంగా పైన్ చెట్లు ఒక్కొక్కటే ఒరిగిపోతున్నాయి. పది రోజులు తిరిగేసరికి మా కంచె అవతల ఒక్క చెట్టు లేదు, అంతా ఎర్రమట్టి. గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము వచ్చి కిటికీ అద్దాల మీద, తులసి ఆకుల మీద పేరుకునేది. ఒకరోజు తెల్లవారుజామున ఆ బోడినేల మధ్యలో రెండు జింకలు ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నాయి. అది మాత్రం నేను మర్చిపోలేను. బిల్డర్‌కి ఫోన్ చేస్తే "అది మా స్థలం కాదు, అలాగే ఉంటుందని మేం ఎక్కడా రాసివ్వలేదు" అన్నాడు. నిజమే, రాసివ్వలేదు. ఇప్పుడు అక్కడ టౌన్‌హోమ్స్ ఉన్నాయి. వాటిలో ఉండేవాళ్లలో నాకు మంచి స్నేహితులు కూడా ఉన్నారు. కానీ మేం డబ్బు పోసి కొన్న అడవి లేదు.

మీవారికి నచ్చిన ఇల్లు ఉంది కదా, దాని వెనక స్థలం ఎవరిదో, ఏ జోనింగ్‌లో ఉందో, అంటే అక్కడ ఏం కట్టడానికి వీలుందో, కౌంటీ ప్లానింగ్ వాళ్ల మ్యాపులో చూడమనండి. అరగంట పని. అది కమ్యూనిటీ పేరు మీద ఖాళీగా వదిలేయాల్సిన స్థలమైతే సరే. వేరే ఎవరిదో పొలమో, తోటో అయితే ఆ చెట్లను లెక్కలోకి తీసుకోకండి.

ఈ కౌంటీ గురించి ముందు తెలుసుకోవాల్సింది ఇదే. 1990లో ఇక్కడి జనాభా 44 వేలు. 2000 నాటికి 98 వేలు, 2010లో లక్షా 75 వేలు, 2020లో 2 లక్షల 51 వేలు. ముప్పై ఏళ్లలో ఐదున్నర రెట్లు దాటింది. ఇలాంటి చోట మీరు వీకెండ్‌లో చూసిన రోడ్డు, స్కూలు, అడవి ఏవీ మీ బాబు హైస్కూల్‌కి వచ్చే నాటికి అలాగే ఉండవు. డెన్మార్క్ హైస్కూల్ 2018లో, ఈస్ట్ ఫోర్‌సైత్ హైస్కూల్ 2021లో తెరిచారు. కొత్త స్కూలు వచ్చినప్పుడల్లా ఏ వీధి ఏ స్కూలుకో హద్దులు మళ్లీ గీస్తారు. "ఈ ఇల్లు ఫలానా హైస్కూల్‌కి వెళ్తుంది" అని రియల్టర్ చెప్పేది అబద్ధం కాదు, కానీ అది ఈ ఏడాది మాట. ఆ స్కూలు పేరు కోసమే మరో యాభై వేలు ఎక్కువ పెట్టకండి.

అడ్రస్ విషయంలో కూడా కొత్తవాళ్లు తికమక పడతారు. ఆల్ఫరెటా నగరం ఫుల్టన్ కౌంటీలో ఉంది. కానీ ఆల్ఫరెటా అని పోస్టల్ అడ్రస్ ఉన్న ఇళ్లు ఎన్నో ఫోర్‌సైత్‌లో ఉన్నాయి. సువానీ అడ్రస్ అయితే మూడు కౌంటీల్లో దేనికైనా చెందొచ్చు. లాంబర్ట్ హైస్కూల్ అడ్రస్ సువానీ, ఉన్నది ఫోర్‌సైత్‌లో. స్కూళ్లు, పన్నులు కౌంటీని బట్టి ఉంటాయి కాబట్టి ఇల్లు అద్దెకైనా సరే, కౌంటీ పేరు ట్యాక్స్ రికార్డులో చూసుకున్నాకే సంతకం చేయండి.

ఇంకో మాట. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ నేను చెప్పేదే. 2020 లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి దాదాపు 18 మంది ఆసియా మూలాలవాళ్లు, అందులో మనవాళ్లే చాలామంది. కానీ 1912లో ఇదే కౌంటీ నుంచి వెయ్యిమందికి పైగా నల్లజాతివాళ్లను బెదిరించి, ఇళ్లూ చర్చిలూ తగలబెట్టి వెళ్లగొట్టారు. వాళ్లు పొలాలు వదిలేసో, అయినకాడికి అమ్ముకునో పోయారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఇది దాదాపుగా తెల్లవాళ్ల కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరిలో దీనికి నిరసనగా ఊరేగింపు చేస్తే రాళ్లు రువ్వారు. వారం తర్వాత దాదాపు ఇరవై వేలమంది వచ్చి మళ్లీ నడిచారు. ఇదంతా మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం చదివి వచ్చి, "మన ఇల్లున్న స్థలం అంతకుముందు ఎవరిదమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీ పాప పెద్ద పిల్ల, అడుగుతుంది. ముందే తెలుసుకుని రండి.

ఇప్పుడు మీవారి సంగతి. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మేనేజర్ సరే అనడం వేరు, కంపెనీ లాయర్ సరే అనడం వేరు. హెచ్‌1బీ పని చేసే చోటుకి ముడిపడి ఉంటుంది. ఒక మెట్రో ఏరియా నుంచి ఇంకో మెట్రో ఏరియాకి మారితే కార్మిక శాఖ దగ్గర కొత్త ఎల్‌సీఏ అనే పత్రం తీసుకుని, హెచ్‌1బీకి సవరణ (అమెండ్‌మెంట్) ఫైల్ చేశాకే అక్కడ పని మొదలుపెట్టాలి. ఇంటి నుంచి పని చేసినా అంతే, ఇల్లే పని చేసే చోటు అవుతుంది. చాలామంది ముందు మారిపోయి తర్వాత కంపెనీకి చెప్తారు. దయచేసి మీరు అలా చేయకండి. గ్రీన్‌కార్డ్‌కి మొదటి మెట్టుగా కార్మిక శాఖ దగ్గర చేసే పర్మ్ కూడా ఇప్పుడున్న ఊరికీ ఆ ఉద్యోగానికీ చేసింది. గ్రీన్‌కార్డ్ ఉద్యోగమే జార్జియాకి మారితే సాధారణంగా పర్మ్ మళ్లీ చేసి, ఐ-140 మళ్లీ వేయాలి. గ్రీన్‌కార్డ్ క్యూలో మీ స్థానం చెప్పే పాత ప్రయారిటీ డేట్ మాత్రం మీతోనే ఉంటుంది, ఆ ధైర్యం ఉంచుకోండి. కొత్త పర్మ్ కంపెనీ చేస్తుందా, ఎప్పుడు మొదలుపెడుతుంది అన్నది ఈమెయిల్‌లో రాయించుకోమనండి. నోటిమాట వద్దు.

నేను అద్దెకు రమ్మనడానికి సగం కారణం ఇదే. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఆ రెండు నెలల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కుంటారా, ఇల్లు అమ్ముకుంటారా? కొన్న ఏడాదికే అమ్మితే కమీషన్లకీ ఖర్చులకీ పెట్టిన డబ్బులో చాలా భాగం పోతుంది. అద్దె ఇల్లయితే మహా అయితే డిపాజిట్, ఒకటి రెండు నెలల అద్దె. మా వీధిలోనే ఒక కుటుంబం ఇల్లు కొన్న ఏడో నెలలో ఈ పరిస్థితిలో పడింది. ఆ అమ్మాయి మా వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే, ఈ మాట వాళ్లకు ముందే చెప్పి ఉండాల్సింది అనిపించింది.

ఇక హోప్ స్కాలర్‌షిప్. మీ స్నేహితులు చెప్పింది వాళ్ల పిల్లల విషయంలో నిజమై ఉండొచ్చు. మీ పాపకి మాత్రం కాదు. అది జార్జియా లాటరీ డబ్బుతో ఇచ్చేది. హైస్కూల్ మార్కుల సగటు 3.0 జీపీఏతో పాటు అమెరికా పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్‌1బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్న పిల్లలకు రాదు. పైగా 21 నిండితే హెచ్‌4 కూడా ఉండదు, అది మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా తప్పదు. బాబు అమెరికాలోనే పుట్టాడు కాబట్టి వాడికి ఆ అడ్డు లేదు. వాడికైనా అందేది ఫీజు వరకే, హాస్టలూ భోజనమూ మనమే చూసుకోవాలి. కాబట్టి "పాప కాలేజీ ఖర్చు తప్పుతుంది" అని వేసుకున్న లెక్క కొట్టేయండి. అది కొట్టేశాక కూడా మారాలనిపిస్తే మారండి.

బాబుకి మాత్రం ఇక్కడ మంచి సదుపాయం ఉంది. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలకు ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది బడి, ఉచితం, ఆదాయంతో పని లేదు. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి వసంతంలోనే పేరు ఇవ్వాలి.

పాప విషయంలో క్యాలెండర్ చూసుకోండి. న్యూజెర్సీలో బడి జూన్ మూడో వారం దాకా ఉంటుంది. ఇక్కడ ఆగస్టు మొదట్లోనే తెరిచేస్తారు. మధ్యలో ఉండేది ఆరు వారాలు. ఇండియా ట్రిప్ పెట్టుకున్నారో, సామాన్ల అట్టపెట్టెలు విప్పకుండానే పిల్ల కొత్త బడికి వెళ్లాలి. మారితే ఈ వేసవిలోనే, ఎనిమిదో తరగతికి తీసుకురండి. మిడిల్ స్కూల్లో ఒక ఏడాది గడిపితే తొమ్మిదిలో చేరేటప్పుడు నాలుగు తెలిసిన మొహాలైనా ఉంటాయి. ఈ వేసవి కుదరకపోతే తొమ్మిదో తరగతి మొదట్లో. అది దాటితే మాత్రం పాప హైస్కూల్ అయ్యేదాకా కదపకండి. వచ్చే ముందే కౌన్సెలర్‌తో మ్యాథ్ ప్లేస్‌మెంట్ మాట్లాడండి, అక్కడా ఇక్కడా క్లాసుల వరస ఒకటి కాదు.

స్కూళ్లు మంచివన్నది నిజం. పోటీ కూడా అంతే నిజం. సౌత్ ఫోర్‌సైత్ వైపు స్కూళ్లలో మన పిల్లలు చాలామంది, అందరూ బాగా చదివేవాళ్లే, అందరి చూపూ జార్జియా టెక్ యూనివర్సిటీ మీదే. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు పక్కవాళ్లను చూసి మేమే ఒకేసారి నాలుగు ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసులు పెట్టించాం. డిసెంబర్ కల్లా దానికి నిద్ర పట్టడం మానేసింది. అర్ధరాత్రి రెండింటికి వంటింట్లో లైటు వేసి ఊరికే కూర్చుని ఉండేది. రెండు క్లాసులు తగ్గించాక గానీ తేరుకోలేదు. ఆ తప్పు స్కూలుది కాదు, మాది. మీ పాప నలుగురిలో పడితే ఉత్సాహపడే పిల్లా, నలిగిపోయే పిల్లా అన్నది మీకే తెలుసు.

అత్తగారి విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఫోర్‌సైత్‌లోకి అట్లాంటా మార్టా ట్రైన్ రాదు. దాని రెడ్ లైన్ నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌తో ఆగిపోతుంది. నడిచి వెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చుకోవడం ఉండదు. దొండకాయలు కావాలన్నా ఎవరో ఒకరు కారు తీయాలి. సాయంత్రాలు మాత్రం హాయిగా ఉంటాయి. మా కమ్యూనిటీలో అయిదు దాటితే క్లబ్‌హౌస్ దగ్గర ఒంగోలు నుంచి, వరంగల్ నుంచి, రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఆరేడుగురు చేరతారు. మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలై మనవళ్ల తెలుగు దాకా మాట్లాడుకుంటారు. కష్టమల్లా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు. ఆ వేళప్పుడు వీధిలో మనిషి కనపడడు. మా అమ్మ వచ్చినప్పుడు ఆ అయిదు గంటలూ ముందు గది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పోస్టు బండి కోసం చూసేది. ఉత్తరాల కోసం కాదు, మనిషిని చూడటానికి. అందుకే అద్దె ఇల్లు వెతికేటప్పుడు గదుల లెక్క తర్వాత చూడండి. షాపులకి కాలిబాట ఉన్న చోటు, పెద్దవాళ్లు నడిచే కమ్యూనిటీ దొరుకుతుందేమో ముందు చూడండి. తక్కువే కానీ ఉన్నాయి.

ఇప్పుడు మీ సంగతి. హైవే ఎక్కనని ఒక్క ముక్కలో రాశారు. అసలు చిక్కంతా అక్కడే ఉందనిపించింది నాకు. పిల్లలకు స్కూల్ బస్సు వస్తుంది, సరే. డాన్సు క్లాసు, మనబడి, డెంటిస్టు, గుడి, అత్తగారి మందులు, అన్నీ కారుతోనే. మీవారు ఆఫీసుకు వెళ్లిన రోజున ఇంటిల్లిపాదికీ మీరే డ్రైవర్. నేను వచ్చిన కొత్తలో సాయంత్రం ఆరింటికి పీచ్‌ట్రీ పార్క్‌వే మీద ఎడమవైపు తిరగలేక, ఒక మైలు ముందుకు వెళ్లి, కుడివైపు తిరిగి, చుట్టూ తిప్పుకుని ఇంటికి చేరేదాన్ని. చేతులకు పట్టిన చెమటకి స్టీరింగ్ జారేది. నాలుగు నెలలు పట్టింది అలవాటు కావడానికి. మీకూ అలవాటవుతుంది. కానీ అది కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని నేర్చుకోవద్దు. వచ్చే శనివారం నుంచే ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకుని 287 హైవే ఎక్కడం మొదలుపెట్టండి. ఎడిసన్‌లోనే ఉండిపోయినా అది మీకు పనికొస్తుంది.

డబ్బు గురించి ఒక్క జాగ్రత్త, రేపెప్పుడో కొనేటప్పటికి. ఇక్కడ జనవరి 1న ఇల్లు ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టే ఆ ఏటి పన్ను. కొత్త ఇల్లయితే మొదటి బిల్లు ఖాళీ స్థలానికో, సగం కట్టిన ఇంటికో వస్తుంది. అది చూసి మురిసిపోతే మరుసటి ఏడు పూర్తి ఇంటి పన్ను పడి నెలనెలా కట్టే మొత్తం ఒక్కసారిగా పెరుగుతుంది. సొంతంగా ఉండే ఇంటి పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు మీకు వర్తిస్తే గడువులోపు అప్లై చేసుకోవాలి. మొత్తం మీద న్యూజెర్సీ కంటే పన్ను తక్కువే. కానీ లెక్క వేసేటప్పుడు పూర్తి ఇంటి విలువ మీద వేయండి.

మీరు లాంగ్ వీకెండ్‌లో చూశారు. ఆ రోజుల్లో రోడ్లు ఖాళీ, స్నేహితులు ఖాళీ, అందరూ బిర్యానీ వండి పిలుస్తారు. ఈసారి సోమవారం రాత్రికి దిగి, మంగళవారం చూడండి. పొద్దున ఏడున్నరకి మీవారు ఎగ్జిట్ 13 దగ్గర జార్జియా 400 హైవే ఎక్కి ఆల్ఫరెటా ఆఫీసు దాకా వెళ్లి చూడాలి. ఆ హైవే మీద నార్త్ స్ప్రింగ్స్ నుంచి మెక్‌ఫార్లండ్ పార్క్‌వే దాకా ఎక్స్‌ప్రెస్ లేన్లు వేస్తారు. అది ఏళ్ల తరబడి సాగే పని, ఆ ఇబ్బంది కూడా లెక్కలో వేసుకోండి. మీరు ఆ పగలంతా స్నేహితుల ఇంట్లో ఒంటరిగా ఉండండి. మధ్యాహ్నం వాళ్ల కారు తీసుకుని బడి దాకా, కూరగాయల షాపు దాకా వెళ్లి రండి. సాయంత్రం అయిదున్నరకి పీచ్‌ట్రీ పార్క్‌వే మీదికి రండి. అత్తగారు ఇప్పుడు మీ దగ్గరే ఉంటే ఆవిడనీ తీసుకురండి. మార్చి చివర్లో అయితే కార్ల మీద పైన్ పుప్పొడి పచ్చగా పేరుకుని ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా పిల్లికూతలు ఉంటే ఆ వారమే రావడం మంచిది, ఒంటికి పడుతుందో లేదో కొంతైనా తెలుస్తుంది.

ఇన్ని రాశారు గానీ, పాప ఏమంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. తొమ్మిదేళ్ల స్నేహాలు వదిలి రావాల్సింది తను. టికెట్లు బుక్ చేసే ముందు, వాళ్ల నాన్న కూడా ఉండగా, అడగండి.